డాక్టరుకు చెప్పని మాట

ముప్పైమూడేళ్ళు నర్సుగా పనిచేశాను. అందులో ఆరేళ్ళు భయంతో పనిచేశాను. కొత్తగా డ్యూటీలో చేరిన మీలాంటి పిల్లలు కనబడినప్పుడల్లా "మేడం, మీకెప్పుడైనా భయమేసిందా?" అని అడిగేవాళ్ళు. నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు పింఛను వస్తోంది, మహారాష్ట్రలోని చంద్రాపూర్‌లో, తుకుం వైపు చిన్న ఇల్లుంది, నా మీద కోప్పడే పైఅధికారి ఎవరూ లేరు. అందుకని చెబుతున్నాను. నేను బడిలో చదివింది మరాఠీ. తెలుగు అక్షరాలు ముప్పై దాటాక నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది రాజురా దగ్గర పత్తి పండించే తెలుగు కుటుంబం. కొన్నాళ్ళు అక్కడా ఇక్కడా చేశాక నాకు తెలంగాణ సరిహద్దుకు దగ్గర్లో ఒక చిన్న సర్కారు దవాఖానలో పోస్టింగ్ వచ్చింది. ఊరి పేరు రాయను. అక్కడికొచ్చే రోగుల్లో సగం మంది తెలుగువాళ్ళు. డాక్టర్లేమో పుణె నుంచో నాసిక్ నుంచో వచ్చేవాళ్ళు, తెలుగు ఒక్క ముక్క అర్థం కాదు. అందుకని పొద్దున ఓపీడీలో నన్ను డాక్టరు బల్ల పక్కనే కూర్చోబెట్టేవారు. రోగి చెప్పేది నేను మరాఠీలో డాక్టరుకు చెప్పాలి, డాక్టరు చెప్పేది తెలుగులో రోగికి చెప్పాలి.

ఆ పనిలో నాకు మంచి పేరుండేది. రోగి ఐదు నిమిషాలు చెప్పిన కథను నేను ఐదు మాటల్లో చెప్పేసేదాన్ని. అప్పటి డాక్టరు కుర్రవాడు, మంచివాడు. "సిస్టర్ ఉంటే లైను అరగంటలో ఖాళీ" అనేవాడు. ఆ మాట విన్న రోజు ఇంకాస్త వేగంగా చేసేదాన్ని. రోగి నోరు తెరవగానే నాకు జబ్బు తెలిసిపోయిందని అనిపించేది. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అది పత్తి చేన్లలో కలుపు తీసే రోజులు. రాత్రంతా వాన పడింది. పొద్దున ఓపీడీ ముందు లైను గేటు దాకా ఉంది. యాభై ఏళ్ళ రైతు ఒకాయన భార్యతో వచ్చాడు. కడుపు పట్టుకుని వంగి కూర్చున్నాడు.

"కడుపుల గుంజుతుంది సిస్టర్, తెల్లారుగట్ల సంది. రెండుసార్లు కక్కుకున్న. గొంతుల ఏదో అడ్డం పడ్డట్టున్నది. ఉమ్మి మింగుదమంటె దిగుతలేదు."

ఆయన భార్య అందుకుంది. "కండ్లు గూడ సక్కగ తెరుస్తలేడు సిస్టర్. రాత్రి కింద పన్నడు. నిద్ర సాలలేదేమో అన్కున్న."

నేను డాక్టరు వైపు తిరిగి, కడుపునొప్పి, రెండు వాంతులు అని మరాఠీలో చెప్పాను.

"ఆణఖీ కాహీ?" అన్నాడాయన. ఇంకేమైనా ఉందా అని.

"నాహీ సర్," అన్నాను.

ఎందుకన్నాను? వాంతి చేసుకున్నవాడికి గొంతు మంట ఉంటుంది కదా అనుకున్నాను. నిద్ర చాలని కళ్ళు బరువెక్కుతాయి కదా అనుకున్నాను. ఆ రెండు సంగతులూ డాక్టరు దాకా పోనివ్వకుండా నేనే తేల్చేశాను. నా వెనకాల ఇంకా నలభై మంది నిలబడి ఉన్నారు.

కడుపునొప్పికి ఇంజక్షన్, మాత్రలు ఇచ్చి పంపాం. ఆయన తన కాళ్ళ మీద తనే నడుచుకుంటూ బస్టాండుకు వెళ్ళాడు. పదకొండు ప్రాంతంలో ఆటోలో వేసుకుని తీసుకొచ్చారు. ఊపిరి లేదు. డాక్టరు అరగంట సేపు గుండె నొక్కుతూనే ఉన్నాడు. తర్వాత టార్చి తీసుకుని ఒళ్ళంతా వెతికాడు. మోచేయి వెనక దోమ కుట్టినట్టు రెండు చుక్కలు.

"మణ్యార్," అన్నాడు నెమ్మదిగా. మరాఠీలో కట్లపాముకు ఆ పేరు.

మీరు పుస్తకంలో చదివే ఉంటారు. అయినా చెబుతాను. అది నేల మీద పడుకున్నవాళ్ళను నిద్రలో కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, ఒక్కోసారి గాటు కూడా కనబడదు. పొద్దున కడుపునొప్పితో లేస్తారు. తర్వాత రెప్పలు వాలతాయి, గొంతు పట్టేస్తుంది, ఆఖరికి ఊపిరి ఆగుతుంది. ఊపిరి సంగతి ఒక్కటి తప్ప ఇవన్నీ ఆ రైతూ ఆయన భార్యా వరసగా నాకు చెప్పారు.

ఆయన భార్య ఏడవలేదు. గోడకు ఆనుకుని నా వైపే చూసింది.

"గొంతు పట్టిందని చెప్పిండు గద సిస్టర్. కండ్ల సంగతి నేను గూడ చెప్తి గద."

డాక్టరు నా వైపు తిరిగాడు. ఆవిడ ఏమంటోంది అని మరాఠీలో అడిగాడు.

"ఏడుస్తోంది సర్," అన్నాను.

మా ఇద్దరికీ తప్ప ఆ గదిలో తెలుగు ఇంకెవరికీ రాదనుకున్నాను. తలుపు దగ్గర నేల తుడుస్తున్న మావశి ఉందని, ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయిందని, ఆ రోజు చూడలేదు. మావశి అంటే మా దవాఖానలో ఆయా. నాకంటే పెద్దది.

విచారణేమీ జరగలేదు. చేతికి దొరకని పాము, టార్చి వేసి వెతికితే తప్ప కనబడని గాటు. ఎవరూ ఎవరినీ తప్పు పట్టలేదు. డాక్టరు మాత్రం చాలా రోజులు "నేను ఒక్కసారి ఆయన కళ్ళలోకి చూసి ఉంటే" అని తనలో తనే అనుకునేవాడు. నేను పక్కనే కూర్చుని వినేదాన్ని. తర్వాతి రోగిని పిలిచేదాన్ని. కొన్ని నెలలకు ఆయన పైచదువుకు వెళ్ళిపోయాడు.

నా భయం అక్కడ మొదలైంది. మొదట్లో అది శ్రద్ధలా కనిపించింది. రోగి చెప్పిన ప్రతి మాటా డాక్టరుకు చెప్పడం మొదలుపెట్టాను. తలనొప్పితో వచ్చినావిడ బర్రె పాలివ్వడం లేదంటే అదీ చెప్పాను. మోకాలి నొప్పి తాత అల్లుడితో తగాదా గురించి చెబితే, ఆ తగాదా ఎవరి గట్టు మీద జరిగిందో కూడా చెప్పాను. తర్వాత వచ్చిన డాక్టరు ఒకరోజు పెన్ను బల్ల మీద పడేసి, "సిస్టర్, నేను వైద్యం చేయాలా, పంచాయితీ చేయాలా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చీర కొంగు కింద చేతులు వణుకుతున్నాయి.

తర్వాత శ్రద్ధ కూడా పోయింది. ఎవరైనా తెలుగులో "సిస్టర్" అని పిలిస్తే విననట్టు వరండాలోకి వెళ్ళిపోయేదాన్ని. అడిగి అడిగి టీకాల గదికి మార్పించుకున్నాను. అక్కడ నిర్ణయాలుండవు. సీసా మీద రాసింది చదవాలి, పిల్లకు సూది వేయాలి. అయినా ఒకే సీసాను నాలుగుసార్లు చదివేదాన్ని. ఇంటికి పోయే దారిలో సగం నుంచి వెనక్కొచ్చి ఫ్రిజ్ తలుపు వేసి ఉందో లేదో చూసుకునేదాన్ని. ఓపీడీ నుంచి తెలుగు రోగి ఉన్నాడు రమ్మని కబురొస్తే పని ఉందని చెప్పి పంపేసేదాన్ని.

ఇంకో పని కూడా చేసేదాన్ని, ఎవరికీ తెలియకుండా. కట్లపాము గురించి దొరికిన ప్రతి కాగితం చదివేదాన్ని. శిక్షణకు ఎవరైనా వెళ్తే వాళ్ళ నోట్సు అడిగి రాసుకునేదాన్ని. ఎందుకో నాకే తెలియదు. ఇక రోగిని ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నదాన్ని, ఏ మందు ఎంత వేయాలో బట్టీ పట్టి ఏం చేస్తాను? నా తప్పు ఎంత పెద్దదో కొలుచుకోవడానికే చదివానేమో.

ఆరేళ్ళు అలా గడిచాయి.

ఒక పొద్దున, ఎనిమిది కూడా కాలేదు, టీకాల గది తలుపు దగ్గరికి మావశి వచ్చింది.

"సిస్టర్, జర రా. తెలుగు పిల్లను తండ్రి తోల్కొచ్చిండు. కడుపునొప్పట. కొత్త డాక్టరమ్మకు ఏం సమజైతలేదు."

"పనుంది మావశీ. ఆ పిల్ల తండ్రికి మరాఠీ రాదా?"

"కొంచెం కొంచెమే వచ్చు. రా నువ్వు."

"పనుందని చెప్పిన గద."

మావశి లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. గొంతు తగ్గించింది.

"ఆ రోజు పొద్దుగాల సంది నేను అక్కడ్నే ఉన్న సిస్టర్. ఆయన చెప్పింది ఇన్న, ఆమె చెప్పింది ఇన్న, నువ్వు చెప్పింది గూడ ఇన్న. ఇన్నేండ్లల్ల ఎవలకన్న చెప్పిన్నా? ఇయ్యాల గూడ నువ్వు ఇనకపోతె సచ్చినోళ్ళు ఇద్దరైతరు."

కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. ఆరేళ్ళుగా రోజూ నాకు టీ తెచ్చిచ్చిన మనిషి ఆవిడ. ఆ చెయ్యే నా మోచేయి పట్టుకుని బయటికి నడిపించింది.

పిల్లకు పంతొమ్మిదేళ్ళుంటాయి. పోలీసు భర్తీకి తయారవుతోందట, రోజూ తెల్లవారకముందే లేచి పరుగు తీస్తుందట. ఆ రోజు లేచి పరుగెత్తలేకపోయింది. మంచం మీద కూర్చుని చుట్టూ అయోమయంగా చూస్తోంది.

"ఏమైతుంది బిడ్డా?"

"కడుపు నొస్తుంది అక్కా. నువ్వు ఇద్దరు కనవడుతున్నవ్." ముక్కుతో మాట్లాడినట్టుంది మాట.

"గొంతు ఎట్లున్నది?"

"పట్టేసినట్టున్నది."

"రాత్రి ఏడ పన్నవ్?"

"కిందనే. ఉక్కపోత్తుందని."

రెప్పలు సగం వాలి ఉన్నాయి. పైకి చూడమన్నాను. నొసలు ముడుచుకుంది కానీ రెప్పలు లేవలేదు.

డాక్టరమ్మ వచ్చి నెలన్నర కూడా కాలేదు. ఆమెకు పాతికేళ్ళ కంటే ఎక్కువుండవు. ఈసారి ప్రతి మాటా మరాఠీలో చెప్పాను, పిల్ల ఏ వరసలో చెప్పిందో ఆ వరసలోనే. ఆఖరున, "మణ్యార్ అనుకుంటున్నాను మేడం," అన్నాను.

ఆమె టార్చి తీసుకుంది. కాళ్ళు, చేతులు, మెడ అన్నీ వెతికింది. గాటు లేదు. "గాటు లేకుండా విరుగుడు మందు ఎలా ఎక్కించను? ఒంటికి పడకపోతే ఆ మందే ప్రాణం తీస్తుంది. చంద్రాపూర్ పంపేద్దాం."

"దారిలో ఊపిరి ఆగిపోతుంది మేడం. ఇక్కడే మొదలుపెట్టి పంపుదాం."

"మీకు ఖాయంగా తెలుసా?"

తెలియదు. ఆరేళ్ళ క్రితమైతే తెలుసనేదాన్ని. నేను చెప్పింది తప్పయితే ఆ మందుతో ఈ పిల్ల చచ్చిపోవచ్చు. చెప్పకపోతే పాము విషంతో చచ్చిపోవచ్చు. రెండు వైపులా నేనే ఉన్నాను.

"ఖాయంగా తెలియదు మేడం. కానీ ఇవే మాటలు ఒక మనిషి నాకు చెప్పాడు, నేను డాక్టరుకు చెప్పలేదు. ఆయన బతకలేదు."

ఆమె నన్ను ఒక్క క్షణం చూసింది. "సీసాలు తీయండి," అంది.

మందు ఎక్కుతుండగానే పిల్ల మాట ఆగింది. చొంగ మింగలేకపోయింది. ఛాతీ కదలిక చిన్నదైపోయింది. డాక్టరమ్మ రెండోసారి ప్రయత్నించాక గొంతులోకి గొట్టం దిగింది. గొట్టానికి అంబు బ్యాగ్ తగిలించాం. చేత్తో నొక్కే గాలి తిత్తి అది. నొక్కితే ఊపిరి, నొక్కకపోతే లేదు. మా దగ్గర ఊపిరి పోసే యంత్రం లేదు, అంబులెన్స్‌లోనూ లేదు. డాక్టరమ్మ కదిలితే దవాఖానలో ఇంకో డాక్టరు లేరు.

"ఎవరు వెళ్తారు?" అందామె.

అందరూ నన్నే చూశారు. కాదంటే బాగుండని అనిపించింది. అబద్ధం చెప్పను మీకు. కానీ తిత్తి అప్పటికే నా చేతుల్లో ఉంది.

తండ్రి ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక నేనూ, ఆ పిల్లా. బండి కదిలింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, నొక్కు. ఛాతీ లేచిందా? లేచింది. మళ్ళీ ఒకటి. గోతిలో పడ్డప్పుడల్లా గొట్టం జారిందేమో అని వంగి చూసేదాన్ని. పావుగంటకే వేళ్ళు కొంకర్లు పోయాయి. చెమటకు తిత్తి జారుతుంటే కొంగు చుట్టుకుని నొక్కాను. పిల్ల ఒంట్లో ఒక్క వేలు కదలడం లేదు. తండ్రి కిటికీలోంచి వెనక్కి చూసి, "అక్కా, ఉన్నదా పోయిందా?" అని అరిచాడు.

"ఉన్నది. ముందు చూడు నువ్వు."

రాజురా దాటాక బొగ్గు లారీలు అడ్డం పడ్డాయి. డ్రైవరు హారను మీద చెయ్యి తీయడం లేదు. బండి మాత్రం కదలడం లేదు. అప్పుడు చూశాను. మూసుకున్న రెప్ప కింద నుంచి ఒక కన్నీటి చుక్క చెవి వైపు జారింది.

చదివింది గుర్తొచ్చింది. ఈ విషం కండరాలను పడగొడుతుంది కానీ తెలివిని ముట్టుకోదు. ఆ పిల్ల మెలకువగా ఉంది. కదలలేక, కళ్ళు తెరవలేక, ఊపిరి తీసుకోలేక, నేను నొక్కుతానో లేదో అని ఎదురుచూస్తోంది. నా భయం ఎంత చిన్నదో ఆ చుక్క చూశాక తెలిసింది.

"ఇంటున్నవ్ గద బిడ్డా. నేను ఈడ్నే ఉన్న. చంద్రాపూర్ దగ్గరపడ్డది. భయపడకు," అన్నాను. ఆ ఒక్కమాటే పదిసార్లన్నాను. పదకొండోసారి నోట్లోంచి వేరే మాట వచ్చింది. "నాకు గూడ భయమైతుంది బిడ్డా."

ఇక ఆగలేదు. నొక్కుతూ నొక్కుతూ అంతా చెప్పేశాను. ఆ రైతు గొంతు సంగతి, ఆయన భార్య చెప్పిన కళ్ళ సంగతి, నేను 'నాహీ' అన్న సంగతి, ఏడవని మనిషిని ఏడుస్తోందని చెప్పిన సంగతి. నా మొగుడికి కూడా చెప్పనివి. లారీలు ఎప్పుడు కదిలాయో, వర్ధా వంతెన ఎప్పుడు దాటామో తెలియదు. పెద్దాసుపత్రిలో ఎవరో నా వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పి తిత్తి తీసుకున్నారు.

మర్నాడు ఓపీడీలో నా పాత చోటుకు నేనే వెళ్ళి కూర్చున్నాను. ధైర్యం వచ్చి కాదు. చేతులు అప్పుడూ వణికాయి. కానీ వణికే చేతులతో కూడా పని అవుతుందని ఆ రోడ్డు మీద చూశాను. అంతవరకు భయం పోయాక పని చేద్దామని కూర్చున్నాను. అలా ఎదురుచూస్తే ఇంకో ఆరేళ్ళయినా టీకాల గదిలోనే ఉండేదాన్ని. ఒక అలవాటు మాత్రం చేసుకున్నాను. రోగి చెప్పింది డాక్టరుకు చెప్పాక, రోగి వైపు తిరిగి "ఇదే చెప్పిన, ఏమన్న ఇడిసిపెట్టిన్నా?" అని అడిగేదాన్ని. ఒక్క నిమిషం పట్టేది. నాకు ఇప్పటికీ తెలిసిన వైద్యం అంతే.

పిల్లను చూడటానికి మాత్రం ఐదు రోజులు పోలేదు. ఏం విన్నదో అని భయం. వెళ్ళేసరికి గొట్టం తీసేశారు. దిండుకు ఆనుకుని కూర్చుంది. గొంతు బొంగురుగా ఉంది.

"అక్కా, నువ్వు చెప్పిందంత ఇన్న."

నేను తల దించుకున్నాను.

"నువ్వు మాట ఆపితె సచ్చిపోత అన్కున్న. నువ్వు ఆపలే." కాసేపు ఊపిరి తీసుకుంది. "గామె ఏడుంటది అక్కా? గా పెద్దాయన పెండ్లాం?"

తెలియదన్నాను. కనుక్కోలేదా అని ఆ పిల్ల అడగలేదు. చూసింది, అంతే.

ఆ వారమే డాక్టరమ్మకు మొత్తం చెప్పి, ఆఫీసుకు కాగితం రాసిచ్చాను. విచారణ చేశారు, నా సర్వీసు పుస్తకంలో మందలింపుగా ఒక ఎర్ర గీత పడింది. పాత డాక్టరు నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నాడు. తర్వాత "ఇప్పటికైనా చెప్పారు సిస్టర్," అని పెట్టేశాడు. ఇవన్నీ తేలికైనవి. కాబట్టే ముందు చేశాను.

ఆ రైతు ఊరికి మావశి నాతో వచ్చింది. ఇంటి ముందు అరుగు మీద ఆయన భార్య కంది పప్పు చెరుగుతోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. కూర్చోమనలేదు. నేను నిలబడే చెప్పాను. మీరిద్దరు చెప్పింది నేను డాక్టరుకు చెప్పలేదు, తప్పు నాదే అన్నాను.

ఆమె చేట కింద పెట్టింది.

"డాక్టరు 'ఆణఖీ కాహీ' అనె. గంత మరాఠీ నాకొస్తది. నువ్వు 'నాహీ' అంటివి. అది గూడ సమజైంది. 'ఉన్నది సాబ్' అని నేనెందుకు లేసి అనలే? సదువుకున్నామె, నాకంటె ఆమెకే ఎరుకుంటదని నోర్మూస్కున్న. ఇన్నేండ్లు గదే, పొద్దుమాపు గదే." ఇంట్లోకి ఒకసారి చూసింది. "నా కొడుకు గూడ నన్నే అంటడు. నువ్వు సక్కగ చెప్పుంటె బాపు బతుకుతుండె అంటడు."

"చెప్పాల్సింది నువ్వు గాదమ్మా. నేను."

ఆమె క్షమిస్తున్నానని అనలేదు. తిట్టనూ లేదు. లేచి, ఇంట్లోకి తిరిగి కొడుకును పిలిచింది. ముప్పై ఏళ్ళ మనిషి బయటికి వచ్చి గడపలో నిలబడ్డాడు. అతని వెనక భార్య, చంకలో పిల్ల.

"గిప్పుడు నాకు చెప్పింది మల్లొక్కసారి చెప్పు," అంది ఆమె నాతో. "వీడు ఇనేటట్టు, గట్టిగ చెప్పు."

మావశి నా పక్కనే ఉంది కానీ ఈసారి చెయ్యి పట్టుకోలేదు. నేను ఆ కొడుకు ముఖంలోకి చూసి, ఒక్క మాట కూడా వదలకుండా, మొదటి నుంచి చెప్పాను.